కంప్యూటర్లో ఇరుక్కున్న ఎనిమిదిమంది సిద్ధులు

లుకాంగ్,
అక్టోబరు 8

లీచూ అక్కకు,

తమ్ముడు బొక్‌సెంగ్ రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను, కంప్యూటరు బాగాలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఇన్నేళ్ళు కుట్టుమిషన్ల మధ్య కూర్చున్న చెవులివి. ఫోన్లో నువ్వు తిట్టినా దీవించినా నాకు ఒక్కలాగే వినిపిస్తుంది. అందుకే ఉత్తరం. నాకొచ్చిన అక్షరాలన్నీ గుడి జెండాల మీద కుట్టినవే. ‘వానలు సకాలంలో కురియుగాక, దేశం చల్లగా ఉండుగాక’ అని కళ్ళు మూసుకుని రాసేస్తాను. ‘కంప్యూటరు పాడైంది’ అని రాయడానికి మాత్రం పక్కన మందుల కొట్టాయన్ని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

విషయానికొస్తాను. నీ కూతురు పెయ్‌షాన్ పెళ్ళి డిసెంబరులో. గుమ్మం మీద కట్టే ఎర్ర గుడ్డ తోరణం, ఎనిమిదిమంది సిద్ధుల బొమ్మలు కుట్టింది, మేనమామ ఇవ్వాలి. ఊళ్ళో అందరి తోరణాలూ కుట్టినవాణ్ణి, బజార్లో అచ్చువేసిన గుడ్డ కొనుక్కొచ్చి సొంత మేనకోడలి గుమ్మానికి కడితే, దాని కిందనుంచి తల వంచుకుని కూడా లోపలికి రాలేను.

నా చెయ్యి వణుకుతోందని నీకు తెలుసు. సూదిలోకి దారం ఎక్కిద్దామంటే సూదే పారిపోతుంది. ఆ వణుకు మొదలైనప్పుడే నా ఎనిమిదిమంది సిద్ధుల బొమ్మల్ని ఒక్కొక్క కుట్టు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించాను. మూడు చలికాలాలు పట్టింది. ఇప్పుడు కంప్యూటరు చెబుతుంది, మిషను కుడుతుంది, నేను పక్కన కూర్చుని నేనే కుట్టానని చెప్పుకుంటాను.

ఈమధ్య దానికి మతి పోయింది. కుడుతూ కుడుతూ కొయ్యబారిపోతుంది. మొన్న మూడో సిద్ధుడి ముఖం దగ్గర ఆగిపోయి, అక్కడే పొడిచి పొడిచి, ముక్కు ఉండాల్సిన చోట కన్నం పెట్టింది. బజారులో కంప్యూటర్లు బాగుచేసేవాడు చూసి, లోపల సిస్టం కుళ్ళిపోయింది, అంతా తుడిచి కొత్తది ఎక్కించాలన్నాడు. మరి నా సిద్ధులో అంటే పోతారన్నాడు. కుట్టించే ప్రోగ్రామో అంటే అదీ పోతుంది, డిస్కు ఉంటే మళ్ళీ ఎక్కించుకో అన్నాడు. ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. డిస్కు నా దగ్గరే ఉండేది. తళతళలాడుతోంది కదా అని పిట్టలు రాకుండా మేడ మీద దారానికి వేలాడదీశాను. పిట్టలు రాలేదు. డిస్కు ఎండకి పొట్టు లేచిపోయింది.

పెయ్‌షాన్ని అడుగు, చదువుకున్న పిల్ల. ఆ పెళ్ళికొడుకు క్వాన్‌హంగ్‌ని మాత్రం అడగొద్దు. చేపలవాళ్ళ సంఘం ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడని నాకూ తెలుసు. మొదటిసారి నా కొట్టుకొచ్చినప్పుడు నమస్కారం తర్వాత అతనన్న మొదటి మాట, “ఇది పారేయండి మామయ్యా” అని. అతని చేతులు చూశావా? ఆవిరి రొట్టెల్లా ఉన్నాయి. ఒక్క గీటు లేదు. కళ్ళజోడు వెతుక్కోలేక నువ్వు పెయ్‌షాన్ చేత చదివించుకుంటావని తెలిసే ఈ ముక్క రాస్తున్నాను.

నీ తమ్ముడు,
బొక్‌సెంగ్


మాగోంగ్,
అక్టోబరు 13

బొక్‌సెంగ్‌కు,

నీ ఉత్తరం చదివించుకున్నాను. నేను చెబుతుంటే రాసిపెడుతున్నారు. కాబట్టి ఇందులో దస్తూరీ బాగుంటే నాది కాదు, తిట్లు బాగుంటే నావి.

అంతా తుడవకుండా సిస్టం మార్చే దారి ఒకటి ఉందట. మనుషులు లోపల కాపురం ఉండగానే ఇంటికి కొత్త గోడలు కట్టినట్టట. ప్రోగ్రాములూ దాచుకున్నవీ ఎక్కడివక్కడే ఉంటాయట. తొందరపడొద్దు. ముందు సిద్ధుల్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇక్కడికి పంపమంటున్నారు, సరిగ్గా వచ్చాయో లేదో చూస్తారట.

ఇంకో ప్రశ్న. కంప్యూటరు మీద ఏమైనా పెట్టావా? నేనైతే పెట్టే ఉంటావని చెప్పాను. ఉంటే తీసెయ్.

పెళ్ళికొడుకు చేతుల గురించి రాసింది కూడా విన్నాను. మెత్తనివే. పుట్టుకతో వచ్చినవి, ఏం చేస్తాడు.

ఎండు స్క్విడ్ పంపుతున్నాను. నీ పళ్ళ సంగతి మర్చిపోయి పంపుతున్నాను. చీకు.

అక్క


లుకాంగ్,
అక్టోబరు 17

అక్కా,

స్క్విడ్ చీకుతూ రాస్తున్నాను.

కంప్యూటరు మీద ఏం పెట్టావని అడుగుతారా. అందరూ పెట్టేదే పెట్టాను, ఆకుపచ్చ మొక్కజొన్న చిరుతిండి పొట్లం. ఆ పొట్లం లేని కంప్యూటరు ఈ దేశంలో ఎక్కడుంది? ఆస్పత్రిలో ఉంది, రైల్వే స్టేషన్లో ఉంది. అది ఎదురుగా ఉంటేనే మిషన్లు బుద్ధిగా పనిచేస్తాయి. పసుపుది పెట్టకూడదు, గడువు దాటింది పెట్టకూడదు, నాకు తెలియదా. కాకపోతే ఇది మొండికేసిన ప్రతిసారీ ఒక కొత్త పొట్లం చేర్చుకుంటూ వచ్చాను. పాతవి తీస్తే అలుగుతుందని తీయలేదు. చుట్టూ కోటగోడలా పేర్చాను. ఇప్పుడు తీసి చూస్తే గాలి పోయే చిల్లులన్నీ వాటి వెనకే ఉన్నాయి. అన్నం కుక్కర్ మూత తీసినంత వేడి కొట్టింది. దాన్ని బుద్ధిగా ఉంచాలని ఊపిరాడకుండా చేసింది నేనే. శిక్షగా గడువు దాటిన పొట్లాలన్నీ టీతో తినేశాను. మెత్తబడ్డాయి, నా పళ్ళకి అవే నయం.

ఇప్పుడు కాస్త ఎక్కువసేపు పనిచేస్తోంది, కానీ కొయ్యబారడం మానలేదు.

సిద్ధుల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తెర మీద వాళ్ళ బొమ్మ ఉంటుంది, దాన్ని పట్టి లాగి అందులో వేశాను. రెప్పపాటులో వెళ్ళిపోయారు. మూడు చలికాలాల పని అంత తొందరగా వెళ్ళిందంటే కుట్టినవాడు నమ్మలేడు. ఈ కవర్లో పెడుతున్నాను, జాగ్రత్త.

పెయ్‌షాన్ రాత బాగుంది. నిలువు గీత చివర గాలంలా కొక్కెం తిప్పుతుంది. జెండా మీద కుడితే అందంగా ఉంటుంది. అలాంటి పిల్లకి, మీ ద్వీపంలో పుట్టి కూడా చేప ముల్లుకి సగం మాంసం వదిలేసే మొగుడు. మా ఇంట్లో తిన్నప్పుడు చూశాను. నా పిల్లి ఆరోజు పండగ చేసుకుంది.

బొక్‌సెంగ్


మాగోంగ్,
అక్టోబరు 22

తమ్ముడూ,

నువ్వు పంపింది సిద్ధుల్ని కాదు. సిద్ధుల ఇంటికి దారి ఇటు అని చెప్పే బోర్డుని. రెప్పపాటులో వెళ్ళింది అందుకేనట. ఇక్కడెవరూ నవ్వలేదు, నేను తప్ప.

సిద్ధులు ఆ ప్రోగ్రాం పొట్టలోనే ఉన్నారట. దూరంనుంచి చెప్పి వాళ్ళని విడిగా తీయించడం కష్టమట. ప్రోగ్రాం పోతే వాళ్ళూ పోయినట్టే. అందుకని నేను చెప్పే దారి ఒక్కటే. నీ కంప్యూటర్లో ఉన్న సిస్టం ఏ రకమో, ఏ భాషలో ఉందో, అచ్చంగా అలాంటి డిస్కే తెచ్చుకో. కంప్యూటరు మామూలుగా తెరిచి ఉండగా, లోపలినుంచే ఆ డిస్కు మొదలుపెట్టు. కాసేపటికి ఏం ఉంచమంటావని అడుగుతూ మూడు వరసలు వస్తాయి. పై వరస అంటే అన్నీ ఉంచు. మధ్యది అంటే దాచుకున్నవి మాత్రం ఉంచు, ప్రోగ్రాములు తీసెయ్. కింది వరస అంటే ఏదీ ఉంచొద్దు. నువ్వు పైది నొక్కాలి.

క్వాన్‌హంగ్ తను వచ్చి చేసి వెళతానంటున్నాడు. ఏమంటావు?

ఇంకోమాట నువ్వు చెప్పనేలేదు. పెళ్ళి విందులో పెద్ద కుర్చీ మేనమామది. నువ్వొచ్చి కూర్చునేదాకా ఎవరూ తినే పుల్లలు ఎత్తరు. వస్తావా, రావా?

అక్క


లుకాంగ్,
నవంబరు 1

అక్కా,

అతను రానక్కర్లేదు. ఆవిరి రొట్టెలు నా కంప్యూటరు మీద పడితే అది ఇంకా మెత్తబడుతుంది. పారేయమన్నవాడి చేతికి నా సిద్ధుల్ని ఎలా ఇస్తాను?

డిస్కు దొరికింది. బజారువాడు బాగుచేయడానికైతే డబ్బు అడుగుతాడు, డిస్కు మాత్రం ఊరికే ఇచ్చాడు. నా కంప్యూటర్లాంటిదే అన్నాడు. గుండ్రంగా ఉంది, మధ్యలో కన్నం ఉంది, నాకూ అలాగే కనిపించింది.

ఇంకా మొదలుపెట్టలేదు. పంచాంగం చూశాను. మంచం వేయడానికీ, నుయ్యి తవ్వడానికీ, పిల్లికి పాలు మాన్పించడానికీ మంచిరోజులున్నాయి, కంప్యూటరుకి మాత్రం రాయలేదు. పొయ్యి మార్చడానికి పదకొండో తేదీ మంచిదని ఉంది. కంప్యూటరు కూడా వేడెక్కేదే కదా అని అది పట్టుకున్నాను.

పెళ్ళికి వచ్చేదీ రానిదీ అడిగావు. ఖాళీ చేతులతో మేనమామ పెద్ద కుర్చీలో కూర్చోడు. తోరణం ఉంటే నేనుంటాను. లేకపోతే లేను. అంతే.

బొక్‌సెంగ్


మాగోంగ్,
నవంబరు 5

బొక్‌సెంగ్,

నీ ఉత్తరం విని నాకు అన్నం సహించలేదు. అబ్బాయి నీకు నచ్చలేదు. ఆ మాట నేరుగా చెప్పలేక కంప్యూటరు వెనక దాక్కుంటున్నావు. ముందు చేతులన్నావు, తర్వాత చేప ముల్లన్నావు, ఇప్పుడు పొయ్యి ముహూర్తం అంటున్నావు. తోరణం లేకపోతే గుమ్మం కూలిపోదు. నువ్వు రాకపోతే నా కూతురు ఆ కుర్చీ వైపు చూస్తూ పెళ్ళంతా గడుపుతుంది.

ఈ ఉత్తరం ఇంకా గట్టిగా ఉండాల్సింది. రాసేవాళ్ళు, ‘తోరణం ఆయనకి గుడ్డ కాదేమో అత్తయ్యా’ అని మెత్తబరుస్తున్నారు.

అక్క


లుకాంగ్,
నవంబరు 12

అక్కా,

నువ్వన్నది నిజం కాదు. కానీ దానికి జవాబు రాసే ముఖం నాకిప్పుడు లేదు.

నిన్న స్నానం చేసి, అగరుబత్తి వెలిగించి, డిస్కు వేశాను. తెర మీదకి వచ్చిన అక్షరాలు మనవి కావు. ఇంగ్లీషు. డిస్కు ఏ భాషదో చూడమని నువ్వు రాశావు. నేను గుండ్రమే చూశాను. అయినా ఆగలేదు. మూడు వరసలే కదా, లెక్కపెట్టడానికి చదువెందుకు అనుకున్నాను. మూడు వరసలూ వచ్చాయి. పైది నొక్కితే నొక్కుడు పడలేదు. బూడిద రంగులో చచ్చిన చేపలా ఉంది. ఎంత నొక్కినా వెలగలేదు.

అక్కడితో ఆగి నీకు రాస్తే మనిషిననిపించుకునేవాణ్ణి. నేను మాజూ అమ్మవారి ముందు కూర్చుని చంద్రవంక చెక్కలు వేశాను. మధ్య వరసా తల్లీ అని అడిగాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడింది. అంటే అవుననే. మళ్ళీ వేస్తే మళ్ళీ అవును. మూడోసారీ అవునంది. అంత గట్టిగా చెబితే ఇంకేం చేస్తాను, నొక్కాను.

మధ్యాహ్నం దాకా చక్రంలా తిరిగింది. లేచింది. చాలా శుభ్రంగా, చాలా చురుగ్గా ఉంది. ప్రోగ్రాం లేదు. సిద్ధులు లేరు. నా పిల్లి ఫోటోలు మాత్రం ఉన్నాయి.

తప్పు అమ్మవారిది కాదు. సముద్రంలో పడవల్ని కాపాడే తల్లికి ఇంగ్లీషు తెలియాలని ఎక్కడుంది. మూడో వరస నొక్కి ఉంటే పిల్లి కూడా పోయేది, ఆమాత్రం కాపాడింది.

పెళ్ళికి నా కోసం ఎదురుచూడొద్దు. అబ్బాయి మీద కోపంతో కాదు. ఎనిమిదిమందిని ఇంట్లో పెట్టుకుని ఒక్కరోజులో పోగొట్టినవాణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెడతారు?

బొక్‌సెంగ్


మాగోంగ్,
నవంబరు 16

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. పోస్టులో వేస్తే మూడురోజులు. అంత ఆలస్యం పనికిరాదంటున్నారు.

కంప్యూటరు ఆపెయ్. దేన్నీ తాకొద్దు. కొత్త సిస్టం వేసుకున్నప్పుడు అది పాతదాన్ని వెంటనే పారేయదట, పెరట్లో మూటకట్టి పెడుతుందట. పదిరోజులు చూసి, అడిగేవాళ్ళు రాకపోతే తనే పారేస్తుందట. అంతలోపు వెనక్కి తిప్పితే నీ ప్రోగ్రాం, నీ సిద్ధులు ఎలా ఉన్నారో అలాగే వస్తారట. పై వరస వెలగకపోవడం డిస్కు భాష వల్ల. వెలగకపోతే ఏం చేయాలో ముందు ఉత్తరంలో రాయలేదు. అది రాసినవాళ్ళ తప్పని, నీది కాదని రాయమంటున్నారు. నేనైతే నీదే అంటాను.

ఈ ఉత్తరం తెచ్చినవాణ్ణి లోపలికి రానీ. పడవలో కడుపులో ఉన్నదంతా కక్కేసి ఉంటాడు, గంజి పెట్టు.

అక్క


లుకాంగ్,
నవంబరు 28

అక్కా,

ఈ ఉత్తరం కాస్త పొడుగు. తీరిగ్గా కూర్చో.

నీ ఉత్తరం తెచ్చినవాడు వచ్చాడు, క్వాన్‌హంగే. ద్వీపంలో పుట్టినవాడి ముఖం పాకుడు రంగులో ఉంది. ఈశాన్య గాలికి పడవ ఎగిరెగిరి పడిందట. గంజి పెట్టాను. రెండు గిన్నెలు తాగాక కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను, పోలీసులా.

ముందు వెనక్కి తిప్పాడు. చాలాసేపు నల్ల తెర. అది చూస్తూ నేను ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు, అడిగే అర్హత పోయింది కదా. తర్వాత పాత తెర వచ్చింది. ప్రోగ్రాం తెరిచాడు. ఎనిమిదిమందీ ఉన్నారు. ఇనప కర్ర సిద్ధుడి కుంటికాలు కూడా నేను కుట్టినట్టే ఉంది. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. అతను వెనక్కి తిరిగి చూడలేదు. కావాలనే తిరగలేదని నాకు తెలుసు.

సిద్ధుల్ని ప్రోగ్రాం పొట్టలోంచి తీసి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాడు. ఈసారి చాలాసేపు పట్టింది, అది చూసి నాకు ధైర్యం వచ్చింది. తర్వాత తను తెచ్చిన మన భాష డిస్కు వేశాడు. మూడు వరసలొచ్చాయి. పైది వెలిగింది. అప్పుడు కుర్చీలోంచి లేచి, “మీరు నొక్కండి మామయ్యా” అన్నాడు. వణికే వేలు కదా, రెండుసార్లు నొక్కుకుంది. ఒకసారి చాలు మామయ్యా అన్నాడు.

అది తిరుగుతుండగా, ఇకమీదట పాడైతే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసిపెట్టాడు. నేను ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను. అక్షరం అర్థం నాకు తెలియకపోవచ్చు, గీత ఎవరిదో మాత్రం తెలుస్తుంది, బతుకంతా గీతల మీదే కుట్టాను. నిలువు గీత చివర గాలంలా కొక్కెం. లోపలికి వెళ్ళి నీ ఉత్తరాలన్నీ తెచ్చి బల్ల మీద పరిచాను.

“నా ఉత్తరాలు ఎవరు చదివేవాళ్ళు?” అన్నాను.

“నేనే మామయ్యా. అత్తయ్య కంట్లో శుక్లం. పెయ్‌షాన్ పడవ టికెట్లమ్మే ఉద్యోగంనుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది.”

“అన్నీ చదివావా?”

“అన్నీ. ఆవిరి రొట్టెల దగ్గర కొంచెం దగ్గు వచ్చింది.”

“దాటేయకపోయావా? ఆవిడకి ఏం తెలుస్తుంది?”

“మీరు రాసింది అత్తయ్యకి. దాటేయడానికి నేనెవర్ని?” అన్నాడు.

అక్కా, ఆ పూట ఇంట్లో దాక్కోవడానికి చోటు వెతికాను. కొట్టు చిన్నది, దొరకలేదు. పొట్లాల గోడ కూడా లేదు, తినేశాను కదా.

నీ కంటి సంగతి నాకు చెప్పలేదు. అది వచ్చాక తేలుస్తాను.

అవును, వస్తున్నాను. తోరణం నిన్నటికి పూర్తయింది. అతను నాలుగురోజులుండి ఇద్దరు సిద్ధులు మిషను మీద దిగేదాకా చూసి వెళ్ళాడు. ఆ కంప్యూటరుని ఎందుకు పారేయమన్నావని అప్పుడు అడిగాను. లోపల ఏముందో మీరు చెప్పలేదు కదా మామయ్యా, నేనూ అడగలేదు, అది నా తప్పు అన్నాడు. మిగతా ఆరుగురినీ నేనే కూర్చుని దింపించాను. ఎక్కడా కన్నం లేదు. ఎనిమిది ముక్కులూ చూసుకున్నాను. పెళ్ళికి ముందురోజు పడవలో వస్తాను. పెద్ద కుర్చీ తుడిచి ఉంచు.

ఇంతదాకా చదివినవాడు ఇప్పుడు కిందకి చూసి, ఇక్కడ ఆపేద్దామా అనుకుంటాడు. ఆపకూడదు. పెయ్‌షాన్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు సవరించుకుని చదవాలి.

పెళ్ళికొడుకు క్వాన్‌హంగ్ మంచివాడు. ఓపిక ఉన్నవాడు. తనని తిట్టిన తిట్లని ఒక్కటి కూడా తగ్గించకుండా ఒకరికి వినిపించేంత నిజాయితీ ఉన్నవాడు. నేను చూసినవాళ్ళలో అలాంటివాడు ఇంకొకడు లేడు, నన్ను కలుపుకుని. నా మేనకోడల్ని ఇతనికివ్వడం మేనమామకి పూర్తిగా ఇష్టం.

దగ్గు వస్తే నీళ్ళు తాగి, ‘పెళ్ళికొడుకు’ అన్నదగ్గర్నుంచి మళ్ళీ చదవాలి. గట్టిగా చదవాలి. ఇందులో ఒక్క ముక్క దాటేసినా నాకు తెలిసిపోతుంది అక్కా. నువ్వేం విన్నావో నాకు జవాబు రాయాల్సింది కూడా అతనే కదా.

నీ తమ్ముడు,
బొక్‌సెంగ్